అవతలి గట్టున పెళ్లిపందిరి: తక్కువ ఖర్చులో కారుకు దారి చూపే పరికరం

మార్టేరు దాటి పాలకొల్లు వైపు పెళ్లికి వెళ్తూ, ఒక రాత్రి మేం కాలువ గట్టు మీద ఆగిపోయాం. "మీరు గమ్యానికి చేరుకున్నారు" అంది ఫోను. అద్దంలోంచి చూస్తే ఎదురుగా నీళ్లు. ఆ నీళ్లకి అవతల, కొబ్బరిచెట్ల సందుల్లోంచి పందిరి దీపాలు కనిపిస్తున్నాయి, సన్నాయి వినిపిస్తోంది. ఈదగలిగితే రెండు నిమిషాల దూరం. సైకిలు మీద పోతున్న పెద్దాయన ఒకరు ఆగి కారులోకి తొంగి చూశారు. "ఆయ్, పెళ్లికేనాండీ? పందిరి అవతలి గట్టునండి. ఇలాగే ముందుకెళ్లిపోయి లాకుల దగ్గర వంతెనెక్కి, అటునుంచి వెనక్కి వచ్చేయండి" అన్నారు.

ముహూర్తానికి అందుకున్నాం. అక్షింతలు వేస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సాయంతో నన్ను ఫలానా గట్టు మీద ఉన్నానని పట్టుకోగలిగిన పరికరం, ముప్పై మీటర్ల కాలువ దగ్గర ఎందుకు బోల్తా పడింది?

గోదావరి జిల్లాల్లో కారు నడిపేవాళ్లకి ఇది కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. కాలువకి రెండు గట్లు, చాలాచోట్ల రెండు గట్ల మీదా రోడ్లు. వంతెన మాత్రం ఏ లాకుల దగ్గరో, ఏ ఊరి మొగలోనో ఉంటుంది. గట్టు తప్పితే మైళ్లు తిరగాలి. అలా తిరిగినవాళ్లలో చాలామంది, ఫోను లాభం లేదు, కారుకి మంచి నావిగేషన్ పెట్టించాలి అనుకుంటారు. మా చుట్టాల్లో ఒకరు నిజంగానే వేలు పోసి పెద్ద స్క్రీను పెట్టించుకుని, మళ్లీ వచ్చి అదే గట్టు మీద ఆగారు. డబ్బు పెట్టేముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి. దారి చూపే పరికరంలో ఖరీదైన భాగం ఏదో, మనకి ఉచితంగా వచ్చే భాగం ఏదో తెలిస్తే వేలల్లో పెట్టేది వందల్లో తేలిపోతుంది.

నలుగురు కలిసి చేసే పని

"మ్యాప్ పెట్టుకుని వచ్చాం" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ పనిని నలుగురు పంచుకుంటారు. ఆకాశంలోని ఉపగ్రహాలు మొదటివారు. వాటి మాట విని మనం ఎక్కడున్నామో లెక్కగట్టే చిన్న చిప్పు రెండోది. రోడ్లు, వంతెనలు, ఊళ్లు రాసిపెట్టిన మ్యాపు మూడోది. ఆ మ్యాపు మీద ఇక్కడినుంచి అక్కడికి దారి వెతికే లెక్క నాలుగోది. ఆ రాత్రి గట్టు మీద ఈ నలుగురిలో ముగ్గురు తమ పని తప్పు లేకుండా చేశారు. తప్పు చేసిన ఆ ఒక్కరిని పట్టుకోవాలంటే ముందు మిగతావాళ్ల పని చూడాలి.

పంటు లెక్క

నరసాపురం రేవులో నిలబడ్డారనుకోండి. అవతల సఖినేటిపల్లి. నది దాటించే పంటు అక్కడినుంచి సరిగ్గా ఏడు గంటలకి బయలుదేరుతుందనీ, ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుందనీ అనుకుందాం. అది మీ రేవుకి ఏడూ పదికి తగిలింది. మధ్యలో పది నిమిషాల నీళ్లున్నాయన్నమాట. పంటు వేగం తెలుసు కాబట్టి అక్కడి వశిష్ఠ గోదావరి వెడల్పు తెలిసిపోయింది. తాడు పట్టి కొలవక్కర్లేదు, పడవ ఎక్కనక్కర్లేదు. చేతిలో వాచీ ఉంటే చాలు.

జీపీఎస్ ఉపగ్రహం చేసేది ఇదే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో టైము ఇంత, అని ఆపకుండా రేడియోలో చెబుతూనే ఉంటుంది. ఆ మాట కాంతి వేగంతో ప్రయాణిస్తుంది. మన దాకా రావడానికి సెకనులో వందో వంతులు ఏడో ఎనిమిదో పడతాయి. బయలుదేరిన టైము ఆ మాటలోనే ఉంది, చేరిన టైము మన చిప్పుకి తెలుసు. ఆ తేడాయే దూరం.

ఒక్క దూరం తెలిస్తే చాలదు. "రావులపాలానికి ఇరవై కిలోమీటర్లలో ఉన్నాను" అని ఎవరైనా ఫోను చేస్తే, రావులపాలెం చుట్టూ గీసిన వలయం మీద ఎక్కడైనా ఉండొచ్చు. "అమలాపురానికి పదిహేను" అని కూడా చెబితే రెండు వలయాలు రెండుచోట్ల కోసుకుంటాయి. మండపేట నుంచి కూడా దూరం చెబితే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. ఆకాశంలో వలయాల బదులు గోళాలు, అంతే తేడా. మూడు ఉపగ్రహాలతో పని అయిపోవాలి. కానీ నాలుగు కావాలి. ఎందుకో చెబుతాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే.

ఉపగ్రహాల్లో అణు గడియారాలు ఉంటాయి. మన ఫోనులోనో, కారు డబ్బాలోనో ఉండేది మామూలు క్వార్ట్జ్ గడియారం. సెకనులో పది లక్షో వంతు, అంటే ఒక మైక్రోసెకను తేడా వస్తే చాలు, దూరం 300 మీటర్లు తప్పిపోతుంది. అణు గడియారాన్ని కారులో పెట్టుకోలేం గదా! మళ్లీ రేవు దగ్గరికి రండి. మీ వాచీ రెండు నిమిషాలు ముందుందనుకోండి. నరసాపురంలో గోదావరి రెండు నిమిషాల వెడల్పు ఎక్కువ కనిపిస్తుంది. కోటిపల్లి రేవుకి వెళ్లి కొలిచినా రెండు నిమిషాలే ఎక్కువ. ఏ రేవులో కొలిచినా సరిగ్గా అంతే ఎక్కువ. అన్ని రేవుల్లోనూ నది ఒకే కొలతన వెడల్పయిందంటే, వెడల్పయింది నది కాదు, ముందుకెళ్లింది వాచీ. నాలుగో ఉపగ్రహం ఉన్నది ఆ తప్పు పట్టుకోవడానికే. చిప్పు తన గడియారాన్ని అటూ ఇటూ జరుపుతూ, నాలుగు గోళాలూ ఒక్క బిందువు దగ్గర కలిసేదాకా సర్దుతుంది. కలిసిన క్షణాన మనం ఎక్కడున్నామో తెలుస్తుంది, టైమూ సరిపోతుంది.

తక్కువ డబ్బుతో కొనేవాళ్లకి ధైర్యం ఇచ్చే విషయం ఇదే. ఖరీదైన భాగం అంతా ఆకాశంలో ఉంది, దాని ఖర్చు వేరేవాళ్లు పెట్టుకున్నారు. మన చేతిలో ఉన్న చవక గడియారాన్ని అణు గడియారాలతో సరిచూసుకునే ఉపాయం ప్రతి చిప్పులోనూ ఉంది. అడ్డు లేకుండా ఆకాశం కనిపించే చోట మామూలు ఫోను కూడా మనల్ని 5 మీటర్ల లోపు పట్టుకుంటుంది. ముప్పై మీటర్ల కాలువకి ఏ గట్టున ఉన్నామో చెప్పడానికి అది చాలు.

బాక్స్: గడియారం దిద్దకపోతే ఒక్క రోజులో ఏమవుతుంది?

ఉపగ్రహం వేగంగా కదులుతోంది కాబట్టి, ఐన్‌స్టైన్ చెప్పినట్టు దాని గడియారం రోజుకి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి 45 మైక్రోసెకన్లు ముందుకూ పోతుంది. రెండూ కలిపితే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి. దిద్దకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే సుమారు 10 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. రాజమహేంద్రవరంలో ఉన్నవాణ్ణి గోదావరి అవతల కొవ్వూరు దాటించేస్తుంది. అందుకే ఈ తేడాకి తగ్గట్టు గడియారాలను నేల మీద ఉండగానే సర్ది పంపుతారు.

ఇంకో దిద్దుబాటు మనుషులు చేసింది. అమెరికా తన జీపీఎస్ సంకేతాన్ని మామూలు జనానికి కావాలనే మసకబార్చి ఇచ్చేది. తప్పు 100 మీటర్ల దాకా ఉండేది. 2000 మే 2న ఆ మసక తీసేశారు. అంతకు ముందైతే కాలువ ఏ గట్టున ఉన్నామో చెప్పడం మామూలు జనం వాడే పరికరానికి సాధ్యమయ్యేది కాదు.

వినడమే, అడగడం లేదు

జీపీఎస్‌కి డేటా కావాలి, సిగ్నలు లేకపోతే పనిచెయ్యదు అని చాలామంది అనుకుంటారు. ఈ అపోహ వల్లే అనవసరపు కొనుగోళ్లు ఎక్కువ జరుగుతాయి. రేడియోలో వివిధభారతి వింటే బిల్లు రానట్టే, ఉపగ్రహం మాట వినడానికి సిమ్ కార్డు అక్కర్లేదు. వినేవాళ్లు పదిమందైనా పది కోట్లైనా దానికి తేడా లేదు. డేటా ఖర్చయ్యేది మ్యాపు బొమ్మ దించుకోవడానికీ, ట్రాఫిక్ తెలుసుకోవడానికీ.

రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే టవర్ సిగ్నలు పోయేచోట్లు చాలా తగులుతాయి. అక్కడ ఫోనులో నీలం చుక్క కదులుతూనే ఉంటుంది, దాని వెనక మ్యాపు మాత్రం బూడిదరంగు గడుల్లా మిగిలిపోతుంది. నువ్వెక్కడున్నావో దానికి తెలుసు, అక్కడేముందో తెలియదు. ఇంటి దగ్గరే వైఫైలో ఆ ప్రాంతం మ్యాపు దించి ఉంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. పైసా ఖర్చు లేదు.

ఇంకో చిన్న చిక్కుంది. చాలా రోజులు ఆపేసిన పరికరాన్ని సిగ్నలు లేనిచోట తెరిస్తే అది వెంటనే లేవదు. ప్రతి ఉపగ్రహం తన కచ్చితమైన దారిని చెప్పడానికి అరనిమిషం తీసుకుంటుంది. అన్ని ఉపగ్రహాల స్థూల పట్టిక పూర్తిగా వినాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఫోను ఈ వివరాలను ఇంటర్నెట్టులో ముందే తెచ్చుకుంటుంది కాబట్టి మనకా ఆలస్యం తెలియదు. కొండల్లో అయితే కారు ఆపి, ఆకాశం కనిపించే చోట కాసేపు కదలకుండా ఉంచితే చాలు. పరికరం పాడైందని కంగారు పడక్కర్లేదు.

ఉపగ్రహం మాట చాలా బలహీనం. మన కోసం పంపే సంకేతానికి అది వాడే శక్తి కొన్ని పదుల వాట్లు. ఇరవై వేల కిలోమీటర్ల అవతల వెలిగించిన ఇంటి బల్బును చూడటం లాంటిది. గాజు, ప్లాస్టిక్కు అడ్డొస్తే దాటి వస్తుంది. లోహం దాటలేదు. నీరు దాన్ని పీల్చేస్తుంది. వాన కురిసి తడిసిన కోనసీమ కొబ్బరితోట కింద చుక్క ఊగిసలాడేది అందుకే. పాపికొండల మధ్య కేకేస్తే ముందు మన కేక, తర్వాత కొండ తగిలి తిరిగొచ్చిన కేక వినిపిస్తాయి గదా. ఎత్తైన గోడలూ కొండచరియలూ తగిలి తిరిగొచ్చిన సంకేతం కూడా అలాగే ఆలస్యంగా వస్తుంది. పంటు చుట్టుదారిన వస్తే నది వెడల్పుగా కనిపించినట్టు, చిప్పు దూరాన్ని ఎక్కువ లెక్కగడుతుంది. ఇవన్నీ పరికరాన్ని పెట్టిన చోటును బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. గేరు పక్కన గుంటలో పడేసిన ఖరీదైన ఫోను కంటే, అద్దం దగ్గర స్టాండులో నిలబెట్టిన పాత ఫోను బాగా పనిచేస్తుంది. కారు అద్దానికి లోహపు పూత ఉన్న ఎండ ఫిల్ము అంటించి ఉంటే దాని ప్రభావం కూడా పడుతుంది.

మన నెత్తి మీది ఆకాశం

భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకాంతికి విద్యుదావేశం పొందిన పొర ఒకటుంది. దాన్ని అయనోస్ఫియర్ అంటారు. రేడియో సంకేతం దాన్ని దాటేటప్పుడు కొంచెం ఆలస్యమవుతుంది. పంటుకి ఎదురుగాలి తగిలినట్టు. ఈ పొర భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గర్లో మరీ చిక్కగా, మరీ చంచలంగా ఉంటుంది. దక్షిణ భారతం ఉన్నది అక్కడే. సూర్యాస్తమయం తర్వాత, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ, ఆ పొరలో బుడగలు లేచి సంకేతం మిణుకుమిణుకుమంటుంది. లండన్‌లో పరీక్షించి రాసిన కొలతలు మన సాయంత్రాలకి అచ్చంగా వర్తించవు.

దీనికి మందు రెండు ఫ్రీక్వెన్సీలు వినే చిప్పు. ఎదురుగాలికి పంటు ఒకలా, లాంచీ ఒకలా ఆలస్యమైతే, ఆ రెండు ఆలస్యాల తేడాను బట్టి గాలి ఎంతుందో చెప్పేయొచ్చు. అలాగే ఎల్1, ఎల్5 అనే రెండు సంకేతాలను విని చిప్పు ఈ తప్పును చాలావరకు తీసేస్తుంది. 2018 నుంచి ఫోనుల్లోకి వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు మధ్యతరగతి ధరల్లోనూ దొరుకుతోంది.

మన సొంత ఏర్పాటు నావిక్. 2013 జులై 1 నుంచి 2016 ఏప్రిల్ 28 దాకా శ్రీహరికోట నుంచి ఏడు ఉపగ్రహాలను పంపి ఇస్రో దీన్ని నిలబెట్టింది. ఇవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ మన ప్రాంతం మీదే ఉండేలా తిరుగుతాయి. వాటికి కేటాయించిన స్థానాల్లో ఒకటి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం, అంటే దాదాపు మన గోదావరి జిల్లాలకి సూటిగా దక్షిణాన, ఆకాశంలో బాగా ఎత్తున. కొబ్బరాకుల సందుల్లోంచి సంకేతం రావాలంటే నెత్తి మీద ఉన్న ఉపగ్రహం మేలు. అయితే తొలి తరం ఉపగ్రహాల్లో కొన్నిటి అణు గడియారాలు పాడయ్యాయి. 2023 మే 29న దేశీయంగా తయారైన రుబీడియం గడియారంతో రెండో తరం ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 వెళ్లింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు మనసు మనసులో లేదు. నావిక్ ఒక్కదాన్నే నమ్ముకుని ఇవాళ కారు పరికరం కొనమని చెప్పలేను. కానీ జీపీఎస్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూలతో పాటు నావిక్‌నీ వినగల చిప్పు ఉంటే తప్పకుండా దాన్నే ఎంచుకోమంటాను. ఎన్ని ఉపగ్రహాలు వినిపిస్తే, వంకర మాటలను అంత బాగా ఏరేయొచ్చు.

మ్యాపులో లేని గట్టు

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వద్దాం. నేనెక్కడున్నానో ఫోను సరిగ్గానే చెప్పింది. పెళ్లివారు పంపిన లొకేషన్ కూడా సరైనదే, చుక్క సరిగ్గా పందిరి మీదే ఉంది. తప్పు ఆ రెండింటి మధ్యన జరిగింది. అవతలి గట్టు మీది మట్టిరోడ్డు మ్యాపులో గీసి లేదు. ఇవతలి తారురోడ్డు మాత్రమే ఉంది. చుక్క పెట్టినచోట రోడ్డు లేకపోతే, దానికి అతి దగ్గర్లో గీసి ఉన్న రోడ్డేదో పరికరం వెతుక్కుంటుంది. ముప్పై మీటర్ల దూరంలో తారురోడ్డు దొరికింది, అక్కడికి తెచ్చి దించేసింది. మధ్యలో కాలువ ఉందన్న సంగతి దాని లెక్కలోకి రాలేదు.

ఇటీవల ఇళ్లకి కొత్త చిరునామా సంకేతాలు వచ్చాయి. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకి చెందిన జాతీయ దూర సంవేదన కేంద్రం కలిసి తయారు చేసిన డిజిపిన్ 2025లో వచ్చింది. దేశాన్నంతా సుమారు 4 మీటర్ల గడులుగా కోసి, ప్రతి గడికీ పది అక్షరాల సంకేతం ఇచ్చింది. మన దిండి రిసార్టుకి వెళ్లబోయి తెలంగాణ దిండి వైపు, పి.గన్నవరం వెళ్లబోయి విజయవాడ పక్క గన్నవరం వైపు మళ్లిపోయే ప్రమాదం ఇలాంటి వాటితో తగ్గుతుంది. పందిరి ఏ గడిలో ఉందో చెబుతుంది. ఏ గట్టు మీదుగా రావాలో మాత్రం మ్యాపే చెప్పాలి.

మ్యాపు గీయడం మనుషుల పని. ఢిల్లీకి చెందిన మ్యాప్‌మైఇండియా 1995 నుంచి అదే పనిలో ఉంది. కార్లలో నావిగేషన్ డబ్బాలు కొత్తగా వస్తున్న రోజుల్లో హైదరాబాదులోని శాట్‌నావ్ టెక్నాలజీస్ శాట్‌గైడ్ అనే సాఫ్ట్‌వేరుతో మన రోడ్లను ఎక్కించే ప్రయత్నం చేసింది. ఊళ్లో ఉండేవాళ్లే తమ ఊరి రోడ్లు గీసుకునేలా గూగుల్ మ్యాప్ మేకర్‌ను రూపొందించినవాడు మన తెలుగువాడు లలితేశ్ కాట్రగడ్డ. 2008లో మొదలై 2017లో మూతపడ్డా, ఊరి మ్యాపును ఊరివాళ్లే గీయాలన్న ఆ ఆలోచన, ఎవరైనా గీయగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బతికే ఉంది.

ధవళేశ్వరంలో వదిలిన నీరు

నాలుగో పనివాడు దారి వెతికే లెక్క. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా కాగితం, పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో కాఫీ తాగుతూ ఆలోచించిన పద్ధతి దీనికి పునాది. డెల్టావాళ్లకి దాన్ని నీళ్లతో చెప్పొచ్చు. వేసవి తర్వాత ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తి ఎండిన కాలువల్లోకి నీరు వదిలారనుకోండి. నీరు అన్ని కాలువల్లోకీ ఒకేసారి పాకుతుంది. చీలిన ప్రతిచోటా చీలుతుంది. మీ ఊరి తూముకి ముందుగా తగిలిన నీటిపాయ ఏ దారిన వచ్చిందో వెనక్కి చూసుకుంటూ వెళ్తే, అదే అతి తక్కువ దూరం. పరికరం మీ కారు దగ్గర నీరు వదిలి, గమ్యం తడిసేదాకా చూస్తుంది. అంతా క్షణంలో.

అయితే ఆ నీటికి గట్టు రోడ్డు వెడల్పు తెలియదు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే పక్కకి తప్పుకునే జాగా ఉందో లేదో తెలియదు. రెండు కిలోమీటర్లు తగ్గుతుందని హైవే దింపి గట్టెక్కిస్తుంది. రాత్రిపూట కొత్త చోట ఇలా చెబితే, నేనైతే హైవే వదలను. నరసాపురంలో ఉండి సఖినేటిపల్లి అడిగితే పంటును కూడా రోడ్డుగా లెక్కేసి రేవులోకి తీసుకుపోవచ్చు. సెట్టింగుల్లో ఫెర్రీలు వద్దని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు మీదుగా చుట్టుదారి చూపిస్తుంది. రాజమహేంద్రవరం రోడ్డు వంతెనను మరమ్మతులకి మూసిన రోజున ఆ సంగతి ఇంటర్నెట్టు ఉన్న మ్యాపుకి తెలియొచ్చు, దించి పెట్టుకున్నదానికి తెలియదు. రెండూ ఉంచుకోవాలనడం అందుకే.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ముందుగా ఒక జాగ్రత్త. కారు సామాన్ల కొట్లో "జీపీఎస్ ఉందా?" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది ట్రాకరు. సిమ్ వేసి బండిలో దాచేస్తే, బండి ఎక్కడుందో ఇంట్లోవాళ్ల ఫోనుకి చెబుతుంది. నడిపేవాడికి దారి చూపదు. బస్సులకూ ట్యాక్సీలకూ ప్రభుత్వం తప్పనిసరి చేసింది ఆ రకాన్ని. నావిగేషన్ కావాలని విడమర్చి అడగాలి.

తక్కువ ఖర్చులో నా మొదటి ఓటు ఫోనుకే, మంచి స్టాండుతో. 2020 అక్టోబరు 1 నుంచి మోటారు వాహన నిబంధనలు కూడా, నడిపేవాడి ధ్యాస చెదరనంతవరకు దారి చూసుకోవడానికి ఫోను వాడుకోనిస్తున్నాయి. చేత్తో పట్టుకుని కాదు. స్టాండుకి కొన్ని వందలు, నాణ్యమైన కారు ఛార్జరుకి ఇంకొన్ని వందలు పెట్టండి. ఇక్కడ కక్కుర్తి పడొద్దు. గట్టు రోడ్డు గతుకులకి ఊగి కింద పడే స్టాండు, తెరను తికమక పెట్టే చవక ఛార్జరు ఉంటే ఎంత మంచి ఫోనైనా వృథా. మే నెల మధ్యాహ్నం అద్దం కింద ఎండలో ఫోను కాగిపోయి ఛార్జింగు ఆపేస్తుంది, వెలుగు తగ్గించేస్తుంది. ఏసీ గాలి తగిలే చోట స్టాండు పెడితే ఆ బాధ తప్పుతుంది. అయస్కాంతంతో పట్టుకునే స్టాండు చేతికి సులువే గానీ, ఫోనులోని దిక్సూచిని తికమక పెడుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు మనం ఎటు తిరిగి ఉన్నామో జీపీఎస్‌కి తెలియదు. కదిలితేనే తెలుస్తుంది. ఆగి ఉన్నంతసేపూ ఫోను ఆధారం ఆ దిక్సూచే. బయలుదేరగానే తూర్పుకి పోవాల్సినవాణ్ణి పడమరకి తిప్పుతోందంటే, వంద మీటర్లు నడిపి చూడండి, చాలాసార్లు సర్దుకుంటుంది.

ఇంట్లో మూలనపడిన పాత ఫోను ఉంటే దాన్ని కారుకి కేటాయించడం నాకు బాగా నచ్చిన మార్గం. సిమ్ అక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను వాడే ఓఎస్‌ఎం అండ్ లాంటి ఉచిత యాప్ వేసి, ఆంధ్రప్రదేశ్ మ్యాపంతా ఒకసారి దించితే టవర్ లేకపోయినా దారి చూపుతుంది. ఫోను మోగినప్పుడు మ్యాపు మాయం కాదు. ట్రాఫిక్ మాత్రం చూపదు.

పెద్ద తెర కావాలనుకునేవాళ్లకి ఆండ్రాయిడ్ స్టీరియోలు వేలల్లో దొరుకుతాయి. సొంతంగా మ్యాపు నడిపే చవక స్టీరియో కంటే, ఫోనును తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్నది మేలు. రెండేళ్లకి మందగించే ప్రాసెసర్ దాంట్లో ఉన్నా దిగులుండదు. ఫోను మారిస్తే నావిగేషనూ మారినట్టే. సొంత జీపీఎస్ ఉన్న స్టీరియో అయితే దానికి తీగతో చిన్న చదరపు యాంటెన్నా వస్తుంది. దాన్ని స్టీరియో వెనక ఇనుప చట్రంలో కుక్కేయకుండా, డాష్‌బోర్డు పైభాగంలో ఆకాశం వైపు పెట్టమని బిగించే కుర్రాడికి దగ్గరుండి చెప్పండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

సెకండ్‌హ్యాండులో దొరికే పాత నావిగేషన్ డబ్బాలు నేను కొనమనను. చిప్పు ఇంకా బాగానే పనిచేస్తుంది, మ్యాపే ముసలిదైపోయి ఉంటుంది. కొత్త మ్యాపు కొనాలంటే డబ్బా ధరను మించిపోవచ్చు.

బాక్స్: కొనేముందు కొట్లోనే చేసి చూడండి

విజయవాడ నుంచి విశాఖ వెళ్లే హైవేను ఎన్‌హెచ్-5 అని చూపిస్తే ఆ మ్యాపు చాలా పాతది. 2010లోనే దాని నంబరు 16కి మారింది. కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరం దారి అడిగితే 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఒక్కటే కనిపించి, 2015లో తెరిచిన నాలుగో వంతెన కనిపించకపోతే పదేళ్లు వెనకబడి ఉంది. తూర్పు గోదావరి జిల్లా కేంద్రం కాకినాడ అంటే 2022 ఏప్రిల్ 4కి ముందుది.

ఫోను కొనేటప్పుడైతే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసి కొట్టు బయట ఆరుబయట నిలబడండి. ఏ దేశపు ఉపగ్రహాలు ఎన్ని వినిపిస్తున్నాయో, ఎల్5 వస్తోందో లేదో, మన నావిక్ ఉందో లేదో జెండాలతో సహా చూపిస్తుంది. రెండు నిమిషాల పని.

ఆ పెళ్లి అయిన వారానికి నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి, ఉపగ్రహ చిత్రం మీద ఆ కాలువను వెతికి పట్టుకున్నాను. నీటి చారకి అవతల, కొబ్బరి తలల మధ్య సన్నగా ఎర్రగా మట్టిరోడ్డు కనబడింది. లాకుల వంతెన నుంచి మొదలుపెట్టి పెళ్లివారి ఇల్లు దాటేదాకా, వంపు వంపునా ఒక్కో చుక్క పెట్టి గీశాను. మట్టిరోడ్డని, ఇరుకని కూడా రాశాను. ఇరవై నిమిషాలు పట్టింది. మరుసటి ఏడు బారసాలకి పిలిచారు. కారులో పాత ఫోనులోని మ్యాపును తాజా చేసుకుని బయలుదేరాం. మార్టేరు దాటాం, కాలువ పక్కకి చేరాం. పోయినసారి ఆగినచోటు దాటేసి, లాకులు ఇంకా కాస్త దూరం ఉండగానే అది వంతెనెక్కమని చెప్పింది.